సింహాలకు దొరికిన విశ్రాంతి

సర్కస్ అనే మాటను మనం తెలుగులో ఎలా వాడుకుంటున్నామో ఎప్పుడైనా గమనించారా? కిక్కిరిసిన బస్సులో ఒంటికాలి మీద నిలబడి ఇంటికి చేరినవాడు ‘సర్కస్ ఫీట్లు చేసి వచ్చాను’ అంటాడు. నెలాఖరున చిల్లర లెక్కపెట్టుకునే గృహస్థు తన సంసారమే ఒక సర్కస్ అని నిట్టూరుస్తాడు. చట్టసభలో రభస జరిగితే మర్నాటి వ్యాఖ్యాతకు అదే ఉపమానం. ఇక ‘జోకర్’ అన్న మాట సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇది సర్కస్‌తో మొదలైన అలవాటు కాదు. సర్కస్ మన దేశానికి రాకముందే మన ఊళ్ళలో గడ పాతి, దాని కొసన పొట్ట ఆనించి గిరగిరా తిరిగినవారు ఉన్నారు. గాలిలో కట్టిన తాడు మీద నడిచినవారు ఉన్నారు. గడల మీద ఆడేవారిని పాల్కురికి సోమనాథుడు ఏడువందల ఏళ్ళకు పూర్వమే వర్ణించాడు. అంత పాత విద్య అది. ఆ విద్యతో పొట్టపోసుకున్న దొమ్మరుల కులం పేరును మనవాళ్ళు ఏంచేశారు? తిట్టుగా మార్చారు. ఎవరి సాహసం చూసి నోరు వెళ్ళబెట్టామో వారి పేరునే తరువాత నోరుపారేసుకోవడానికి వాడుకున్నాం. ఈ జాతి స్వభావంలోని ఈ మెలిక నాకు ఎప్పుడూ అర్థం కాదు.

మా చిన్నతనంలో ఊళ్ళోకి సర్కస్ వచ్చిందంటే ఆ కబురు ముందుగా ఆకాశంలో కనబడేది. రాత్రి పూట ఒక వెలుగు దూలం మేఘాల మీద తిరుగుతూ ఉండేది. దాని మొదలు ఎక్కడుందో వెతుక్కుంటూ పోతే మైదానం, మైదానంలో డేరా. రోజుకు మూడు ఆటలు: ఒంటిగంటకు, నాలుగింటికి, ఏడింటికి. గ్యాలరీ చెక్కల మధ్య సందుల్లోంచి కింద పడిన చెప్పు కోసం పిల్లలు దేవుళ్ళాడేవారు. రంపపు పొట్టు, జంతువుల పేడ, జనరేటర్ పొగ కలిసిన ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా మనసు ఒక్క క్షణం ఆగుతుంది. కానీ ఇంత జ్ఞాపకమున్నా, ఆ ఊయలల మీద ఎగిరిన ఒక్క మనిషి పేరూ నాకు తెలియదు. అప్పుడు అడగాలని తోచలేదు. మీలో ఎవరికైనా తోచిందా?

పేర్లు లేకుండా పోలేదు. మనం తెలుసుకోలేదంతే. 1879లో చియరీని అనే ఇటలీ దేశస్థుడు తన సర్కస్‌తో బొంబాయి వచ్చాడు. మహారాష్ట్రలోని కురుంద్‌వాడ్ సంస్థానంలో అశ్వశిక్షకుడుగా ఉన్న విష్ణుపంత్ ఛత్రే ఆ ఆట చూసి, మనమెందుకు చేయలేమనుకుని, 1880లో గ్రేట్ ఇండియన్ సర్కస్ స్థాపించాడు. మనుషుల విన్యాసాలకు తగినవారిని వెతుకుతూ అతడు కేరళలోని తలశ్శేరి చేరాడు. అక్కడ కీలేరి కుంజికణ్ణన్ అనే వ్యాయామ గురువు ఉన్నాడు. కళరిపయట్టు తెలిసినవాడు. ఆయన 1901లో తలశ్శేరి దగ్గర చిరక్కరలో సర్కస్ విద్య కోసమే ఒక పాఠశాల పెట్టాడు. ఆ తరువాత ఈ దేశంలో వెలసిన పెద్ద పెద్ద సర్కస్‌లలో చాలావాటికి యజమానులో, కళాకారులో ఆ ఊరివారే. తాడు మీద విన్యాసాలతో ఐరోపా, అమెరికాలను మెప్పించిన కణ్ణన్ బొంబాయో ఆ గడ్డ మీది వాడే. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో పనిచేసి వచ్చిన శంకరన్, విజయా సర్కస్ అనే చిన్న కంపెనీని కొని, 1951లో గుజరాత్‌లోని బిలిమోరాలో జెమినీ సర్కస్‌గా ఆరంభించాడు. రాజ్‌కపూర్ 1970 నాటి ‘మేరా నామ్ జోకర్’లో మనం చూసింది ఆ జెమినీనే. శంకరన్ 2023లో తొంభైతొమ్మిదో ఏట కన్నుమూశాడు.

మనకూ ఒకడున్నాడు, కోడి రామమూర్తి నాయుడు. 1882లో వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కసరత్తు నేర్చి, సొంత సర్కస్ కంపెనీ నడిపి, రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకుని కలియుగ భీముడనిపించుకున్నాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఊరూరా మైదానాలలో ఆడిన సర్కస్ మనిషికి ఒక మైదానం మీద శాశ్వతంగా పేరు మిగలడం నాకెంతో బాగుంటుంది. అయితే ఆయన యజమాని, పైగా మల్లుడు. ఊయల వదిలి గాలిలో మూడు పల్టీలు కొట్టి అవతలి చేతులు అందుకున్న ఆడపిల్ల పేరు మీద ఎక్కడా ఏ వీధీ లేదు.

ఈ పేరులేని మనుషుల ముఖాలను నిదానంగా చూసినవాడు మలయాళ దర్శకుడు అరవిందన్. ఆయన 1978లో తీసిన ‘తంపు’ అనే నలుపు తెలుపు చిత్రాన్ని వీలైతే చూడండి. భారతప్పుళ నది ఒడ్డున తిరునావాయ అనే పల్లెకు ఒక లారీలో సర్కస్ వస్తుంది. డేరా వేస్తారు, ఆడతారు, పోతారు. కథ అంతే. నటించినవారిలో చాలామంది నిజమైన సర్కస్ వాళ్ళు. మధ్య మధ్య వారు కెమెరా వైపు తిరిగి తమ బతుకు సంగతి రెండు ముక్కలు చెబుతారు. ఎదురుగా గ్యాలరీలో పల్లెజనం విప్పారిన కళ్ళతో కూర్చుని ఉంటారు. ఎవరి ఆట ఎవరు చూస్తున్నారో తెలియని స్థితి వస్తుంది. ఆ చిత్రాన్ని ఈ మధ్య శుభ్రపరిచి పునరుద్ధరించి 2022లో కాన్ ఉత్సవంలో ప్రదర్శించారు.

అరవిందన్ చేసిన పనిలో రవ్వంతయినా నేనూ చేద్దామని, కోవిడ్‌కు ముందరి సంవత్సరాలలో మా ఊరి శివార్లలోకి ఒక చిన్న సర్కస్ వచ్చినప్పుడు ఒక బుధవారం నాలుగింటి ఆటకు వెళ్ళాను. గ్యాలరీ పావు వంతు కూడా నిండలేదు. ఆట అయ్యాక టికెట్ల కిటికీ దగ్గర ఉన్న పెద్దావిడతో మాట కలిపాను. అరవై దాటి ఉంటాయి. కుడి భుజం కొంచెం కిందికి ఉంది. తలశ్శేరి వైపు మనిషి. ఇరవై ఏళ్ళకు పైగా ఊయల మీద ఎగిరిందట. తెలుగు ఎక్కడ నేర్చుకున్నారమ్మా అంటే నవ్వింది.

‘‘మీ ఊళ్ళన్నీ తిరిగాను సార్. మీ రాజమండ్రి మట్టి మెత్తన. వాన పడితే మేకు నిలవదు, రాత్రంతా కాపలా కాయాలి. కర్నూలు వైపు రాయి. మేకు దిగేసరికి పిల్లల చేతులు బొబ్బలు.’’

మనకు ఊళ్ళంటే గుళ్ళు, సినిమాహాళ్ళు, బంధువుల ఇళ్ళు. ఆమెకు ఊరంటే మేకును పట్టి ఉంచే నేల. డేరా నిలవడం, నిలవకపోవడం మీద అంతమంది ప్రాణాలు ఆధారపడినప్పుడు భూగోళం అలాగే కదా తెలుస్తుంది!

ఊయల విద్యలో మొదట ఏం నేర్పుతారని అడిగాను.

‘‘పడడం సార్. వలలో వీపు మీద పడాలి. కాళ్ళ మీద పడితే కాళ్ళు పోతాయి. మెడ మీద పడితే మనిషే పోతుంది. పడడం బాగా వచ్చినాక ఎగరనిస్తారు.’’

కేరళ ప్రభుత్వం విశ్రాంత సర్కస్ కళాకారులకు పింఛను ఇస్తుందని విన్నానే అన్నాను. ఉన్నదట. కానీ తాను పనిచేసినట్లు కాగితం కావాలట. తాను ఎగిరిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. డేరాలను, ఏనుగులను ఎవరెవరో కొనుక్కున్నారు. పనిచేశానని చెప్పడానికి ఆమె దగ్గర కాగితం లేదు. కిందికి జారిన ఆ భుజం ఉంది.

ఇంటికి వస్తూ నాకు విశాఖపట్నం, తిరుపతి గుర్తుకొచ్చాయి. ఎందుకో చెబుతాను.

1998లో కేంద్రప్రభుత్వం పులులు, సింహాలు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతులు - ఈ ఐదింటినీ ప్రదర్శనలకు వాడరాదని ఉత్తర్వు ఇచ్చింది. సర్కస్ యజమానులు కోర్టుకెక్కారు. మనుషులకు హక్కులున్నప్పుడు జంతువులకు ఎందుకుండరాదని కేరళ హైకోర్టు 2000లో ప్రశ్నించింది. సుప్రీంకోర్టు 2001 మే నెలలో ఆ నిషేధాన్నే ఖాయం చేసింది. న్యాయమైన తీర్పు. కొరడా కింద నిప్పు వలయంలోంచి దూకిన జీవి మీద ఇంకా ఆ వేడుక కోసం బెంగపెట్టుకునే వారితో నాకు సఖ్యత లేదు. తీర్పు తరువాత ఆ మృగాలను ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. అడవిలో వదిలితే బతకలేవు. అందుకని కొన్ని జూలను ఆనుకుని వాటికోసం సంరక్షణ కేంద్రాలు కట్టారు. మన విశాఖ, తిరుపతి, అటు బన్నేరుఘట్ట, వండలూరు అలాంటివే. సర్కస్ సింహాలలో చాలావరకు ఆఫ్రికా, ఆసియా జాతుల సంకరం కనుక వాటికి సంతానం కలగనివ్వకుండా, ఉన్నన్నాళ్ళు తిండి, నీడ, వైద్యం ఇచ్చి, కాలం తీరాక సాగనంపాలని నిర్ణయించారు. అలాగే జరిగింది. సర్కస్ మానిన సింహానికి ఈ దేశం ఒక చిరునామా, ఒక వైద్యుడు, రిజిస్టరులో ఒక పంక్తి ఇచ్చింది.

దానికి తిండి పెట్టినవాడికి, బోను కడిగినవాడికి, దానితోపాటే ఊరూరా లారీలో తిరిగిన ఊయల పిల్లకు ఆ తీర్పు తరువాత ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం ఎవరికీ రాలేదు. సింహానికి ఎందుకిచ్చారని నా ఫిర్యాదు కాదు సుమా! అంత చక్కగా ఆలోచించగలిగినవాళ్ళం, ఇంకొక్క అడుగు ఎందుకు వేయలేదన్నదే నా బాధ.

పిల్లల విషయం మరీ చిక్కయినది. నేపాల్ నుంచి, మన ఈశాన్య రాష్ట్రాల నుంచి బీద తల్లిదండ్రులకు పదో పరకో చేతిలో పెట్టి ఆడపిల్లలను తెచ్చి, డేరాలలో నిర్బంధించిన ఉదంతాలు బయటపడ్డాయి. 2004లో ఉత్తరప్రదేశ్‌లోని గోండా జిల్లాలో అలాంటి పిల్లలను విడిపించబోయిన కైలాస్ సత్యార్థిని చావగొట్టారు. చివరకు 2011 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సర్కస్‌లలో పిల్లలను పెట్టరాదని ఆదేశించింది. ఇదీ న్యాయమే. ఎగరడం ఎంత అందమైన విద్య అయినా, ఏ బిడ్డా దానికి అమ్ముడుపోకూడదు. నేపాల్లో అలా విడుదలైన పిల్లలే కొందరు పెద్దవాళ్ళయ్యాక సర్కస్ కాఠ్మండూ అనే సొంత బృందం కట్టుకుని, తమ ఇష్టం మీద, తమ షరతుల మీద మళ్ళీ ఎగిరారు. విద్యలో పాపం లేదు, నిర్బంధంలో ఉంది అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అయితే ఎముకలు లేతగా ఉన్నప్పుడు మొదలుపెట్టకపోతే ఆ విద్య పట్టుబడదన్నదీ నిజమే. దీపా కర్మాకర్ ఆరో ఏటనే జిమ్నాస్టిక్స్ మొదలుపెట్టింది. 2016 రియో ఒలింపిక్స్‌లో వాల్ట్ మీంచి ఎగిరి నాలుగో స్థానంలో నిలిస్తే దేశమంతా కళ్ళు తుడుచుకుంది. ఆమెకు ఖేల్‌రత్న ఇచ్చారు, ఇవ్వవలసిందే. ఆమెకు బడి ఉంది, గురువు ఉన్నాడు, గాయమైతే శస్త్రచికిత్స ఉంది. అదే ఎగురు డేరాలో ఎగిరితే అది ‘సర్కస్ ఫీటు’. తేడా ఎగరడంలో లేదు, చుట్టూ ఉన్న ఏర్పాటులో ఉంది. ఆ ఏర్పాటు చేద్దామని కేరళ ప్రభుత్వం 2010లో తలశ్శేరిలో సర్కస్ అకాడమీ ఆరంభించింది. చేరినవారు బహుకొద్దిమంది. కొన్నేళ్ళకే అదీ మూతపడింది. మూడు తరాలుగా ఎగిరినవారే తమ బిడ్డలను పంపడానికి ఇష్టపడలేదంటే వారిని తప్పు పట్టగలమా?

ఈలోగా ఊరు మారింది. డేరా వేసిన మైదానాలలో దుకాణ సముదాయాలు లేచాయి. మేఘాల మీద తిరిగే ఆ వెలుగు, నగరపు దీపాల కాంతిలో కలిసిపోయి కనబడకుండా పోయింది. 2020 లాక్‌డౌన్‌లో సర్కస్‌లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. చుట్టుపక్కల జనం పెట్టిన బియ్యం, పప్పులతో కళాకారులు రోజులు గడిపారు. రాంబో సర్కస్ వారు ప్రేక్షకులు లేకుండా ఆడి, దానిని చిత్రించి, ఇంటర్నెట్ ద్వారా టికెట్లు అమ్మారు. బతకాలన్న పట్టుదలకు జోహార్లు అనుకున్నాను. చప్పట్లు వినబడకుండా ఎలా ఎగిరారో ఆ పిల్లలు!

సర్కస్ మళ్ళీ పూర్వవైభవంతో వెలగాలని నేను కోరడం లేదు. అది మన బాల్యం కోసం మనం పెట్టుకునే కోరిక. వారి బతుకు కోసం కాదు. నేను కోరేది చిన్నది. ఫలానా మనిషి ఫలానా కంపెనీలో ఇన్నేళ్ళు పనిచేసిందని తోటి కళాకారులు ఇద్దరు సాక్ష్యం చెబితే అది కాగితంగా చెల్లాలి. ఆ పింఛను ఒక్క కేరళలోనే కాక, వారు చెమటోడ్చిన ప్రతి రాష్ట్రంలోనూ ఉండాలి. మన గడ మీద ఆడినవారి పిల్లలకూ ఆ మర్యాద దక్కాలి. అదేమీ పెద్ద ఖర్చు కాదు, మిగిలి ఉన్నవారు ఎంతమందని!

మీ ఊరికి ఎప్పుడైనా సర్కస్ వచ్చి ఉంటే, అందులో ఏ ఒక్కరి పేరైనా మీ ఇంట్లో పెద్దవాళ్ళకు గుర్తుందేమో అడిగి చూడండి. ఉంటే ఇక్కడ రాయండి. ఒక పేరు దొరికినా మంచిదే.