ఐదున్నర గంటల తేడా

కరీంనగర్‌లో డిగ్రీ చదివేటప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ల్యాప్‌టాప్ నాది. 4 జీబీ ర్యామ్, విండోస్ 7. మా దగ్గర ఏ చిన్న పుస్తకం వేయాలన్నా దాని మీదే పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కొట్టి ప్రెస్సుకు ఇస్తాం. అందుకని విండోస్‌ను వదలలేను.

2018 జూన్‌లో మన నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దక్కింది. తర్వాత నోటో వాళ్ల ఉచిత ఫాంటు కూడా దొరికింది. సంబరంగా వేసి చూస్తే నా పాత విండోస్‌లో గుణింతాలు అక్షరానికి అంటుకోవు, ఒత్తులు ఎక్కడో నిలబడతాయి. అదే ఫాంటు ఉబుంటులో కుదురుగా కూర్చుంది.

రెండూ కావాలి. విండోస్ లోపలే ఉబుంటును నడిపితే ఉన్న 4 జీబీని రెండూ పంచుకోవాలి, ఏదీ కదలదు. హార్డ్‌డిస్క్‌ను భాగాలు చేసి, ఆన్ చేసినప్పుడల్లా ఏది కావాలో ఎంచుకునే పద్ధతే మిగిలింది.

మొదటిసారి తప్పు చేశాను. రాత్రిపూట, కరెంటు పోతుందేమోనని తొందర. 'విండోస్ పక్కన వేయి', 'డిస్క్ మొత్తం చెరిపి వేయి' అనే వరసలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. రెండోది నొక్కాను. పేజ్‌మేకర్ మళ్లీ వేసుకోవచ్చు. కానీ ఒక తోటి పెద్దాయన కిక్రి వాయిస్తూ మా ఏడు దేవుళ్ల వాళ్ల కథ చెప్పిన రికార్డింగు అందులోనే ఉంది, ఇంకెక్కడా లేదు. మళ్లీ చెప్పించుకుందామని పోయేసరికి ఆయన లేడు. కొడుకుకు సగం కథే వచ్చు. ఆ సగమే రికార్డు చేసుకొని వచ్చాను.

రెండోసారి ముందు ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి, ఇంకో కాపీ తమ్ముడి ఫోనులోకి ఎక్కించాను. మొదట విండోస్ వేసి, అందులోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ను కుదించి ఖాళీ చేసిన చోట ఉబుంటు వేశాను. ఈ వరుస తప్పొద్దు. విండోస్‌ను తర్వాత వేస్తే అది బూట్ అయ్యే చోటును తనదిగా చేసుకుంటుంది, ఉబుంటు కనపడదు. ఉబుంటు వేసే గ్రబ్ మాత్రం విండోస్ పేరును కూడా తన జాబితాలో చేరుస్తుంది. ఇది చెప్తుంటే ఒక పిల్లవాడు అడిగాడు: "మనం తెలుగు నేర్చుకుంటాం, వాళ్లు గోండి నేర్చుకోరు, అట్లనా సార్?" నేను నవ్వాను గానీ జవాబు చెప్పలేదు.

ఇంకో తిరకాసు. ఉబుంటు నుంచి విండోస్‌లోకి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోయేది. మదర్‌బోర్డు గడియారంలో ఉబుంటు గ్రీనిచ్ సమయం పెడుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. ఉబుంటులో ఒక్క ఆదేశం ఇచ్చి దాన్నీ మన సమయానికి తెచ్చాను. విండోస్ 7కు 2020 జనవరి 14తో అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి నెట్ పని ఉబుంటులోనే.

ఇప్పుడు గోండిని ఉబుంటులో టైప్ చేసి, బొమ్మగా మార్చి, విండోస్‌లోకి వచ్చి పేజ్‌మేకర్ పేజీలో అతికిస్తున్నాను. ఒక్క అక్షరం తప్పు దొరికితే మళ్లీ షట్‌డౌన్, మళ్లీ ఆన్, మళ్లీ బొమ్మ. కొడుకు చెప్పిన సగం కథ పదకొండు పేజీలైంది. పన్నెండో పేజీ ఖాళీగా ఉంచాను. మిగతా కథ తెలిసిన పెద్దలు మీ ఊళ్లో ఉంటే నాకు కబురు చేయండి.