సమతూకం

కంచన్‌బాగ్ అనగానే హైదరాబాదు వాసులకు క్షిపణులు స్ఫురిస్తాయి. రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాల ఉన్నది ఇక్కడే. 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్, 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ కర్మాగారాలూ ఇక్కడే వెలిశాయి. 1982లో ప్రయోగశాల సంచాలకులుగా వచ్చిన అబ్దుల్ కలాం సారథ్యంలో రూపొందిన ‘పృథ్వి’ 1988 ఫిబ్రవరి 25న తొలిసారి నింగికెగసింది. వస్తువు బరువంతా ఏ బిందువు వద్ద కేంద్రీకృతమైనట్లు ప్రవర్తిస్తుందో దానిని గరిమనాభి అంటారు. క్షిపణికైనా, అభిరుచి కొద్దీ ఇంటి మేడమీద చెక్కతో నిర్మించుకొనే రేడియో నియంత్రిత విమానానికైనా ఆ బిందువు తన చోట తాను ఉండితీరాలి.

అట్టి నిర్మాతలు మక్కువపడే నమూనాలలో రెండవ ప్రపంచ యుద్ధకాలపు జంట ఇంజన్ల విమానం ‘మస్కిటో’ ఒకటి. 1940 నవంబరు 25న అది మొదటిసారి ఎగిరింది. పలుచని బర్చి చెక్కపొరల నడుమ తేలికైన బాల్సాను పొదిగి దాని దేహాన్ని మలిచారు. కుర్చీలు, బల్లలు చేసే వడ్రంగులు సైతం ఆ యుద్ధవిమాన నిర్మాణంలో పాలుపంచుకున్నారు. దానిని ఆరవ వంతు పరిమాణంలో నిర్మిస్తే రెక్కల నిడివి సుమారు 2.75 మీటర్లు ఉంటుంది. నెలల తరబడి శ్రమిస్తే గాని అది పూర్తికాదు.

నిర్మాణం ముగిసిన పిదప అసలు పరీక్ష మొదలవుతుంది. ఒంటి ఇంజను విమానంలో ఇంజను ముక్కున నిలిచి తోక బరువును ఎదుర్కొంటుంది. జంట ఇంజన్లు రెక్కలమీద, గరిమనాభికి చేరువలో ఉంటాయి కనుక ఆ సాయం తక్కువ. గరిమనాభికి 90 సెంటీమీటర్ల వెనుక, తోకలో 100 గ్రాములు అదనంగా చేరితే, 30 సెంటీమీటర్ల ముందు, ముక్కులో 300 గ్రాముల సీసం పెట్టక తప్పదు. తోకకు అజాగ్రత్తగా పూసిన జిగురుకూ రంగుకూ మూడింతల మూల్యం చెల్లించాలన్నమాట. ముక్కు మరీ బరువెక్కితే విమానం మందకొడిగా స్పందిస్తుంది; తోక బరువెక్కితే అసలు చేతికి లొంగదు.

ముందువెనుకల తూకం కుదిరినా కుడియెడమల తూకం మిగిలే ఉంటుంది. కావడి మోసేవానికి రెండు కుండలూ సమంగా ఉండాలి. ఒక కుండ పగిలితే రెండవది అతనిని పక్కకు లాగివేస్తుంది. గాలిలో ఒక ఇంజను ఆగినా జరిగేది ఇదే. పనిచేస్తున్న ఇంజను విమానాన్ని ఆగిన ఇంజను వైపు తిప్పివేస్తుంది. కంగారుపడి వేగం పెంచితే ప్రమాదం ముంచుకొస్తుంది. వివేకవంతుడు మిగిలిన ఇంజను జోరును తగ్గించి, చుక్కానితో దారి సరిచేసి, విమానాన్ని మెల్లగా నేలకు దించుతాడు. ఉన్న బలాన్ని కొంత వదులుకొనుటయే అక్కడ రక్షణ.

ఆ క్షణంలో ప్రమాదం నెలల శ్రమకు మాత్రమే కాదు. కిలోల కొలది బరువుతో దూసుకువచ్చే విమానం కింద మనుషులుండవచ్చు. అందుకే 2021 నాటి డ్రోన్ నిబంధనలు నిషిద్ధ గగనతలంలో ముందస్తు అనుమతి లేనిదే ఏ మానవరహిత విమానాన్నీ ఎగరనీయవు. రక్షణ సంస్థల నడుమ నివసించే నిర్మాత తన విమానాన్ని ఇంట నిర్మించినా, ఎగురవేయడానికి అనుమతి ఉన్న దూరపు మైదానానికి మోసుకుపోవలసిందే. అక్కడ కూడా మొదట దానిని ఆధారాలపై నిలిపి తూకం సరిచూసుకుంటాడు. లోపం దిద్దుకొనే అవకాశం నేలమీదనే ఉంటుంది. గాలిలోకి లేచిన విమానానికి చిటికెడు సీసమైనా చేర్చగల చేయి లేదు.