నోరు విప్పే పరీక్ష

మా తరం కోయ పిల్లలకు ఉద్యోగమంటే ఒకటే దారి కనిపించేది. పది, ఇంటర్, రెండేళ్ల టీచర్ ట్రైనింగ్, ఆ తర్వాత డీఎస్సీ. 2000 జనవరి 10న వచ్చిన జీవో నంబర్ 3 షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులు 100 శాతం స్థానిక గిరిజనులకే అన్నది. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం గూడేల నుంచి మాలాంటివాళ్లు బడుల్లోకి టీచర్లుగా వచ్చింది ఆ జీవో నీడలోనే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఉన్నవాళ్ల ఉద్యోగాలు నిలిచాయి. కానీ మా వెనక వచ్చే పిల్లలకు ఆ తలుపు మునుపటంత వెడల్పుగా లేదు.

అందుకే మన పిల్లలు వేరే తలుపులు తడుతున్నారు. ఈఏపీసెట్ రాసి, ఫీజు రీయింబర్స్‌మెంటు మీద బీటెక్ కంప్యూటర్స్ చదువుతున్నారు. సెలవులకు ఊరికి వచ్చినప్పుడు మమ్మల్ని అడిగే మాట ఒకటే: "ఇంటర్వ్యూకి ఎట్లా తయారు కావాలి?" మాకు కోడు రాయడం రాదు. అయినా ఆ గదుల్లోకి వెళ్లి వచ్చిన మన పిల్లలను కూర్చోబెట్టి అడిగాం. గెలిచినవాళ్లనూ అడిగాం, తిరిగొచ్చినవాళ్లనూ అడిగాం. తెలిసింది ఇక్కడ రాస్తున్నాం.

డీఎస్సీలో మా చేత ఎవరూ మాట్లాడించలేదు. పేపరు రాశాం, మార్కులు వచ్చాయి, రోస్టరు ప్రకారం కౌన్సెలింగులో బడి కోరుకున్నాం. ఒక్క మాట మాట్లాడకుండా కూడా ఉద్యోగం వచ్చేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అట్లా రాదు. ఆన్‌లైన్ పరీక్ష దాటాక అసలు పరీక్ష నోటితోనే. పైగా ప్రైవేటు కంపెనీకి రోస్టరు లేదు, అక్కడ మన కుల ధ్రువపత్రం చూసేవారు లేరు. పిల్లవాడు ఏం మాట్లాడాడన్నదే లెక్క.

ఇక్కడే మన పిల్లలకు చిక్కు. మన గూడేల్లో పెద్దలు మాట్లాడుతుంటే పిల్లలు నడుమ మాట కలపరు. తనకు తెలిసింది తానే చెప్పుకునేవాణ్ని గొప్పలకు పోతున్నాడంటారు. ఇది మన మర్యాద, ఇందులో తప్పేమీ లేదు. కానీ ఇంటర్వ్యూ గదిలో ఎదురుగా కూర్చున్న మనిషికి ఈ మర్యాద తెలియదు. పిల్లవాడు తల దించుకుని ఆలోచిస్తుంటే ఆయనకు ఆలోచన కనిపించదు, మౌనమే కనిపిస్తుంది. రాదు కాబోలు అనుకుని తర్వాతి పిల్లవాణ్ని పిలుస్తాడు. జవాబు తెలిసి కూడా మన పిల్లలు తిరిగొస్తున్నది చాలాసార్లు ఇందుకే.

కంపెనీలన్నీ ఒక తీరువి కావు. ఏ రకం కంపెనీ ఏం అడుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది.

మొదటి రకం సర్వీసు కంపెనీలు. టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో, కాగ్నిజెంట్ లాంటివి. వేరే సంస్థల పని ఒప్పుకుని చేసిపెడతాయి. ఒక్కో ఏడాది వేలమందిని తీసుకుంటాయి కాబట్టి మన పిల్లల్లో ఎక్కువమందికి తొలి మెట్టు ఇదే. ముందు ఆన్‌లైన్ పరీక్ష ఉంటుంది. టీసీఎస్ తన పరీక్షను ఎన్‌క్యూటీ అంటుంది. లెక్కలు, తర్కం, ఇంగ్లీషు, కోడింగ్ అడుగుతారు. ఇంటర్వ్యూలో ఒక ప్రోగ్రామింగ్ భాష, డేటాబేసు, కాలేజీలో చేసిన ప్రాజెక్టు గురించి మూలాల్లోంచి ప్రశ్నలు వస్తాయి. ఆపైన హెచ్‌ఆర్ వారు రాత్రి షిఫ్టు చేస్తావా, వేరే రాష్ట్రానికి వెళ్తావా అని అడుగుతారు. వీటిలో చాలా కంపెనీలు పదిలో, ఇంటర్‌లో, డిగ్రీలో 60 శాతం ఉండాలంటాయి. ఉపాధ్యాయ మిత్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి పిల్లవాడికి వచ్చిన 57 శాతం ఆరేళ్ల తర్వాత హైదరాబాద్‌లో అడ్డం పడొచ్చు. "పాసైతే చాలు" అనే మాట ఇక మన బడుల్లో వినపడకూడదు.

రెండో రకం ప్రోడక్టు కంపెనీలు. గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్ లాంటివి సొంత సరుకు తయారుచేస్తాయి. మైక్రోసాఫ్ట్ 1998లోనే హైదరాబాద్‌లో తన కేంద్రం పెట్టింది. వీటిలో ఒక్కో రౌండు ముప్పావుగంట నుంచి గంట దాకా సాగుతుంది. ఒకటో రెండో లెక్కలిచ్చి, ఆలోచన పైకి చెబుతూ చేయమంటారు. ఎక్కువగా అడిగే ఒక లెక్కను మన మాటల్లో చెబుతాం.

సంతలో 1000 వస్తువులున్నాయి, ఒక్కోదానికి ఒక ధర ఉంది. సరిగ్గా 100 రూపాయలయ్యే రెండు వస్తువులు వెతకాలి. ఒక్కోదాన్ని మిగతా అన్నిటితో కలిపి చూస్తే 4,99,500 జతలు అవుతాయి, పొద్దు గూకుతుంది. ఇంకో దారి ఉంది. చేతిలో ఒక నోటుపుస్తకం పట్టుకుని వరసగా నడవాలి. 30 రూపాయల వస్తువు కనిపిస్తే దానికి జత 70. ఇదివరకు 70 చూశామా అని పుస్తకంలో చూసుకోవాలి. ఉంటే పని అయిపోయింది. లేకపోతే 30 రాసుకుని ముందుకు పోవాలి. ఒక్క చుట్టుతో తేలిపోతుంది. ఆ పుస్తకాన్నే కంప్యూటరువాళ్లు హాష్ టేబుల్ అంటారు, అందులో వెతకడం క్షణంలో పని. కాలం మిగిలింది, బదులుగా పుస్తకానికి జాగా ఖర్చయింది. 50 రూపాయల వస్తువు ఒక్కటే ఉంటే దాన్నే రెండుసార్లు లెక్కేస్తామా? వేయం. ముందు చూసి, తర్వాతే రాసుకుంటున్నాం కదా.

ఇంటర్వ్యూ చేసే మనిషి వినాలనుకునేది సరిగ్గా ఈ మాటలన్నీ. మొదట తోచిన మోటు దారి ఏది, దానికి ఎంత పని పడుతుంది, మెరుగైన దారి ఏది, దానికి ఖర్చేమిటి, ఎక్కడ తప్పు జరగొచ్చు. ఇవేవీ చెప్పకుండా ఠక్కున కోడు రాసేసినవాడికంటే, ఇవన్నీ చెబుతూ చివరి రెండు వరుసలు పూర్తిచేయలేనివాడే మెరుగనిపించే సందర్భాలుంటాయి.

ఇలాంటి కంపెనీలు మనిషి గురించి కూడా అడుగుతాయి. అమెజాన్ 16 నాయకత్వ సూత్రాలు పెట్టుకుంది. వాటిని బట్టి "కష్టమైన పని ముందుకొచ్చి చేసిన సందర్భం చెప్పు" లాంటి ప్రశ్నలు వేస్తుంది. మన పిల్లలు "మాకేముంది చెప్పడానికి, మేం క్లాసు లీడర్లం కూడా కాదు" అంటారు. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. ఆ రోజుల్లో మన కుర్రాళ్లు ముసలివాళ్లను మోసుకెళ్లారు, శిబిరంలో ఏ కుటుంబంలో ఎందరున్నారో రాసిపెట్టారు, మందులు ఎవరికి కావాలో లెక్క తీశారు. నాయకత్వమంటే ఇంకేం కావాలి? దాన్ని నాలుగు ముక్కలుగా చెప్పడం నేర్చుకోవాలి. పరిస్థితి ఏమిటి, నా మీద పడిన పని ఏమిటి, నేను ఏం చేశాను, చివరికి ఏమైంది. "మేం చేశాం" అనడం మన అలవాటు. అది మంచి అలవాటే. కానీ ఆ గదిలో "అందులో నా పని ఇది" అని విడదీసి చెప్పాలి. అది గొప్పలు చెప్పుకోవడం కాదు, లెక్క అప్పజెప్పడం.

మూడో రకం స్టార్టప్‌లు. పదిమందో యాభైమందో ఉండే చిన్న సంస్థలు. ఇవి మార్కులకంటే చేసిన పని చూస్తాయి. కొన్ని చోట్ల రెండు మూడు రోజుల గడువుతో చిన్న పని ఇంటికే ఇస్తారు. ఇక్కడ కొనుక్కొచ్చిన ప్రాజెక్టు నిలవదు. ఎవరో చేసిచ్చిన ప్రాజెక్టును రెజ్యూమెలో పెట్టుకుంటే, "ఈ డేటాబేసే ఎందుకు వాడావు?" అన్న రెండో ప్రశ్నకే బయటపడుతుంది. దానికంటే సొంతంగా చేసిన చిన్న పనే బలం. తునికాకు కల్లంలో 50 ఆకుల కట్టలు ఎవరు ఎన్ని పోశారు, ఎంత రావాలి అని లెక్క చూపే చిన్న యాప్ ఒకటి చేయండి. సిగ్నల్ లేనప్పుడు కూడా అది పనిచేయాలి. ఈ ఒక్క షరతు మీదే అరగంట మాట్లాడొచ్చు. ఆ కష్టం మీకు తెలిసినంతగా ఎదుటివారికి తెలియదు.

నాలుగో రకం ప్రభుత్వరంగం. ఎన్‌ఐసీ, సీడాక్, హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బ్యాంకుల్లో ఐటీ ఆఫీసరు పోస్టులు. కేంద్ర ఉద్యోగాల్లో ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉంది. కొన్ని సంస్థలు గేట్ స్కోరు చూస్తాయి, అది 3 ఏళ్లు చెల్లుతుంది. బ్యాంకు ఐటీ ఆఫీసరుకు ఐబీపీఎస్ ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ పెడుతుంది. తుది లెక్కలో మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 పాళ్లు. ఇక్కడ చదువు లోతు ఎక్కువ కావాలి, ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. సర్వీసు కంపెనీలో చేరి జీతం తెచ్చుకుంటూ దీనికి చదవడం మన ఇళ్ల పరిస్థితికి సరిపోయే పద్ధతి.

ఒక హెచ్చరిక. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగితే, అసలు సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే, అక్కడినుంచి లేచి రండి. పోడు మీద అప్పు తెచ్చి కట్టిన డబ్బు తిరిగి రాదు.

ఇక సాధన ఎట్లా? ఇద్దరు ముగ్గురు జట్టు కట్టండి. ఒకరు అడిగేవారు, ఒకరు చెప్పేవారు. ఒక లెక్క తీసుకుని మొదట కోయలో చెప్పండి. ఆలోచన మన భాషలో తడబడకుండా నడుస్తుంది. అది కుదిరాక తెలుగులో చెప్పండి. చివరికి ఇంగ్లీషులో, చిన్న చిన్న వాక్యాల్లో చెప్పండి. ఫోనులో రికార్డు చేసి వినండి. మీరు ఎక్కడ ఆగిపోతున్నారో ఫోనే చెబుతుంది. తెలియని ప్రశ్న వస్తే మౌనంగా ఉండొద్దు. "ఇది నాకు తెలియదు, కానీ ఇక్కడిదాకా ఆలోచించగలను" అనే వాక్యాన్ని ఇంగ్లీషులో ముందే నోటికి తెచ్చుకోండి. ఆలోచించడానికి నిమిషం అడగడం తప్పు కాదు, అడగకుండా మూగగా ఉండటమే నష్టం. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే ముందు రోజే భద్రాచలం చేరుకోండి. లోపలి గూడేల్లో సిగ్నల్‌ను నమ్మి కూర్చోవద్దు.

మనకు మాట రాదని ఎవరైనా అంటే నమ్మొద్దు. మన జిల్లా మణుగూరు ప్రాంతానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు డోలు, కంచు మేళంతో కోయ వీరుల గాథలు నోటితోనే చెప్పేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కుల పంచాయతీలో మన పెద్దలు ఒక తగవును ఏ కాగితమూ లేకుండా మొదటినుంచి చివరిదాకా వరస తప్పకుండా చెబుతారు. ఎవరి వాదం ఏమిటి, ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అని విడదీస్తారు. ప్రోడక్టు కంపెనీ ఇంటర్వ్యూలో కోరేది ఇదే తెలివి. అది మన దగ్గర ఉంది. పిల్లల నోటిదాకా రావాలి, అంతే.

ఆ పని బీటెక్ చివరి ఏడాదిలో మొదలుపెడితే ఆలస్యం. ఒకటో తరగతిలో మొదలు కావాలి. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో కోయతో సహా 8 గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టినప్పుడు దాని ఉద్దేశం ఇదే, పిల్లవాడు తనకు వచ్చిన భాషలో ఆలోచించి చెప్పాలని. వాచకాలు అందినా అందకపోయినా, ఆ పద్ధతి మన చేతిలో ఉంది. మూడో తరగతి పిల్ల పలక మీద 46లోంచి 18 తీసేసి 28 అని చూపిస్తే, టిక్కు పెట్టి పంపొద్దు. "ఎట్లా చేశావమ్మా?" అని కోయలో అడగాలి. తప్పు చేసిన పిల్లనూ అదే గొంతుతో అడగాలి. ఆ పిల్ల మొదట నేల చూస్తుంది, పావడా అంచు నలుపుతుంది. మనం తొందరపడి జవాబు అందించకూడదు. నోరు విప్పేదాకా ఆగాలి.