మూడో తీగ

మన గోడల మీది ప్లగ్గుపాయింటుకు మూడు రంధ్రాలుంటాయి. కింద రెండు, పైన కాస్త పెద్దది ఒకటి. కిందివాటి సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. పైదాని పనేమిటని అడిగితే "అది ఎర్తండీ" అంటారు. ఎర్తంటే ఏమిటని మరో ప్రశ్న వేస్తే సంభాషణ సాధారణంగా అక్కడే ఆగిపోతుంది. ఆ రంధ్రం వెనక తీగ ఉన్నా లేకపోయినా ఫ్యాను తిరుగుతుంది, మిక్సీ రుబ్బుతుంది, టీవీ తన పాటికి తాను మాట్లాడుతూనే ఉంటుంది. లేనందువల్ల ఏ పనీ ఆగని దాన్ని పట్టించుకునేదెవరు? ప్లగ్గు లేని వైరు కొసలను కింది రంధ్రాల్లో దూర్చి, అగ్గిపుల్లలు గుచ్చి బిగించే విద్యలో ఆరితేరిన జాతి మనది. మీలోనూ ఆ విద్వాంసులు ఉండే ఉంటారు!

నేను చదివింది కామర్సు. ఓమ్ నియమం పదో తరగతి పరీక్షతోనే నన్ను వదిలిపోయింది. మళ్ళీ దాని జోలికి వెళ్ళడానికి కారణం మా అమ్మ వాడే చెక్కపీట.

2018 వేసవిలో ఊరెళ్ళినప్పుడు, అమ్మ గ్రైండరు ముందు పీట వేసుకుని, దానిమీద నిలబడి పిండి రుబ్బుతోంది. ఎత్తు చాలక కాబోలనుకున్నాను. "ఎత్తుకి కాదురా, ఉత్తకాళ్ళతో ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుంది. పీటేసుకుంటే ఏమీ ఉండదు" అంది, కుళాయి కాస్త బిగుసుగా తిరుగుతుందని చెప్పినంత మామూలుగా. ఎన్నాళ్ళ నుంచి అంటే, లెక్క చెప్పలేదు. ఆవిడ తర్కంలో దోషమేమీ లేదు. ఎండు చెక్క గుండా కరెంటు పోదు, నేలకు దారి తెగిపోతుంది. కాకపోతే వంటింట్లో పీట ఎప్పుడూ ఎండుగానే ఉంటుందని హామీ ఎవరిస్తారు? ఒకరోజు పప్పు కడిగిన నీళ్ళు ఒలికితే చాలు. ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంటుంది.

ఆ సెలవుల్లో తక్కిన రోజులన్నీ ఊళ్ళోని ఒక ఎలక్ట్రీషియను గారి వెంట తిరిగాను. పెద్దాయన, ఓపికమంతుడు. నా ప్రశ్నలకు విసుక్కోకుండా, "చూడండి, చెయ్యి మాత్రం పెట్టకండి" అనేవారు.

నన్ను మొదట నివ్వెరపరచినది ఒక చిన్న భాగహారం. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు. తడిసిన మనిషి ఒంటి నిరోధం సుమారు 1000 ఓములనుకుంటే, ఒంట్లోంచి పారేది 0.23 ఆంపియరు. 60 వాట్ల బల్బు తీసుకునేది 0.26. అంటే ఒక మనిషి ప్రాణం పోవడానికి బల్బు వెలగడానికి కావలసినంత కరెంటు కూడా అక్కర్లేదు! ఇక 16 ఆంపియర్ల ఫ్యూజు దృష్టిలో ఆ మనిషి ఓ గుడ్డిబల్బు, అంతే. అది తెగదు. ఫ్యూజైనా, దాని స్థానంలో వచ్చిన ఎంసీబీ అయినా కాపాడేది తీగలను, అవి వేడెక్కి నిప్పంటుకోకుండా. మనుషులను కాపాడటం వాటి ఉద్యోగం కాదు. "ఫ్యూజుందిగా, భయమెందుకు" అనే మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు.

ఆ ఉద్యోగం మూడో తీగది. లోపల ఎక్కడో ఫేజు తీగ ఒరుసుకుపోయి గ్రైండరు ఇనుప ఒంటికి తగిలితే, ఆ కరెంటుకు మన ఒంటికన్నా సులువైన దారి చూపించాలి. త్రీపిన్ను ప్లగ్గులో ఎర్తు పిన్ను తక్కినవాటికన్నా పొడవుగా ఉండేది అందుకే. పెట్టేటప్పుడు అందరికన్నా ముందు లోపలికి వెళుతుంది, తీసేటప్పుడు అందరికన్నా చివర బయటికి వస్తుంది. పెళ్ళివారింట పెద్దమనిషి తరహా. అయితే అందులోనూ మెలిక ఉంది. పెరట్లో బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి పూడ్చిన గొట్టానికి, నేలకూ మధ్య నిరోధం 10 ఓములుందనుకోండి, పారేది 23 ఆంపియర్లే. 32 ఆంపియర్ల ఎంసీబీ అలా చూస్తూ ఊరుకుంటుంది. అందుకే ఆర్‌సీసీబీ అనే పరికరం కూడా కావాలి. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో అంతా తిరిగి వచ్చిందా లేదా అని అది అనుక్షణం సరిచూస్తుంటుంది. ఇళ్ళలో పెట్టే రకం, 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే రెప్పపాటులో ఆపేస్తుంది. (జమాఖర్చులు సరిపోకపోతే కొట్టు మూసేసే గుమాస్తా అన్నమాట. కామర్సువాణ్ణి కదా, నాకు నచ్చింది.) ఒక చెయ్యి ఫేజు మీదా మరో చెయ్యి న్యూట్రల్ మీదా పెడితే మాత్రం అదీ ఏమీ చెయ్యలేదు. దాని లెక్క సరిపోతుంది మరి.

అన్నట్టు, న్యూట్రల్‌ను తెలుగులో తటస్థ తీగ అంటారు. ఇంత మోసపు పేరు మరొకటి లేదు. అది ఎక్కడైనా తెగితే, వేసివున్న బల్బు గుండా ఫేజు అవతలికి వచ్చి కూర్చుంటుంది. టెస్టరు పెడితే రెండు రంధ్రాల్లోనూ వెలుగుతుంది, ఇంట్లో మాత్రం ఏదీ పనిచేయదు. కరెంటు లేదు కదా అని చెయ్యి పెట్టేవాడి గతి ఏం కాను? టెస్టరు మాటనూ పూర్తిగా నమ్మకూడదని పెద్దాయన నేర్పారు. మెయిను ఆపే ముందు దాన్ని పనిచేస్తున్న పాయింటులో పెట్టి వెలుగుతోందో లేదో చూడాలి, ఆపాక పని చేయబోయే చోట చూడాలి, మళ్ళీ బతికున్న కరెంటు మీద మూడోసారి చూడాలి. మధ్యలో టెస్టరే చచ్చిపోయి ఉండవచ్చు కదా!

ఇంతకీ మా ఇల్లు. 1978లో కట్టినది, కర్రపట్టీల మీద వైరింగు. వంటింటి పాయింటు విప్పితే పైరంధ్రం వెనక ఏమీ లేదు, కాస్త బూజు తప్ప. ఆకుపచ్చ తీగ కొత్తగా లాగించాం, పెరట్లో ఎర్తు గొయ్యి తవ్వించాం. ఆర్‌సీసీబీ పెట్టి మెయిను వేశాం. టప్పున పడిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ పడింది. పెద్దాయన నిట్టూర్చి, "ఇవి పాత ఇళ్ళల్లో నిలవవండీ. చాలామంది తీసేయించేస్తారు. మామూలు మెయిను పెట్టేస్తాను, మీకీ బాధ ఉండదు" అన్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు, లోకంలో జరిగేది అదే. కానీ ఆ గుమాస్తా ఊరికే అరవడు కదా. వెతుకుదామన్నాను. మెయిను ఆపి, న్యూట్రల్ తీగలను ఒక్కొక్కటే విడదీసి, మళ్ళీ వేసి చూడటం. మధ్యాహ్నమంతా పట్టింది. ఉక్కపోత, ఫ్యాను లేదు, అమ్మ మజ్జిగ మీద మజ్జిగ. ఐదో తీగ తీశాక నిలబడింది. అది నూతి మోటారుది.

మోటారు పాయింటు విప్పాం. ఎర్తు తీగ అంత దూరం లాగే శ్రమ తప్పించుకోవడానికి ఏనాడో ఎవరో న్యూట్రల్ నుంచి ఎర్తు స్క్రూకు బెత్తెడు తీగ ముక్క కలిపేశారు. నడిచినన్నాళ్ళూ బానే నడుస్తుంది. వెనక ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజున మోటారు ఇనుప ఒళ్ళంతా 230 వోల్టులు. నూతి గట్టు, తడినేల, చేతిలో బిందె. పెద్దాయన ఆ ముక్కను కత్తిరించి అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశారు. "ఇదివరకు తీసేసిన ఇళ్ళు కొన్నున్నాయండి" అన్నారు. ఏ ఇళ్ళని నేను అడగలేదు. సామాను సర్దుకుంటూ, వాటిలో రెండింటికి వచ్చే వారమే వెళతానన్నారు.

పోతూ పోతూ పెరట్లో దండెం చూసి ఆగారు. సర్వీసు తీగను మోసే ఇనుప తీగ ఏ గొట్టానికి కట్టి ఉందో, బట్టలారేసే జీఐ తీగ కూడా దానికే కట్టి ఉంది. వానాకాలంలో పేపర్లో మారుమూల పడే "బట్టలు ఆరేస్తూ విద్యుదాఘాతంతో మృతి" అనే నాలుగు వాక్యాల వార్తలు చాలావరకు ఇలాంటి ముడులే. ఆ సాయంత్రమే నైలాను తాడు తెచ్చి, రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టాను.

ఎర్తు గొయ్యి ఎండిపోకూడదు, వేసవిలో నీళ్ళు పోస్తుండాలి. అమ్మకు కరెంటు సంగతులు చెప్పబోతే, "పాదు ఎండకుండా చూడాలంతేగా" అని తేల్చేసింది. అప్పటినుంచి మల్లెపాదుకు పోసినప్పుడల్లా దానికీ ఓ బిందెడు పోస్తోంది. ఆర్‌సీసీబీ మీది టెస్టు బొత్తాన్ని మాత్రం నేను నెలకోసారి ఫోన్‌లో గుర్తుచేసి నొక్కిస్తాను. టప్పుమనే చప్పుడు నాకు వినపడేలా ఫోను దగ్గరగా పట్టుకుంటుంది. పీట ఇంకా గ్రైండరు పక్కనే ఉంది, దానిమీద ఇప్పుడు పప్పు డబ్బా పెట్టుకుంది.