పాత ఫొటోలో కారు, అమ్మిన రెండెకరాలు

మిరప తోటల్లో మందు కొట్టే హడావిడిలో ఉంటారు, ఇది పెద్ద పోస్టు, రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదువుకోండి. ఈసారి పురుగూ లేదు, రేటూ లేదు. పాత ఫొటోల్లో కార్ల సంగతి. రైతుకెందుకయ్యా కార్లు అంటారేమో, కొంచెం ఓపిక పట్టండి, చివరికి పొలం దారి దగ్గరికే వస్తది.

ఈ మధ్య వాట్సాప్ గ్రూపుల్లో "పాత గుంటూరు" అని ఫొటోలు తెగ తిరుగుతున్నయి. నలుపు తెలుపు బొమ్మ, రోడ్డు మీద రెండు రిక్షాలు, ఒక జట్కా, ఓ కారు. కింద ఎవరో "1940 నాటి లాడ్జి సెంటర్" అని రాస్తారు. అందరూ దండాలు పెడతారు. తీరా చూస్తే అందులో నుంచున్నది ప్రీమియర్ పద్మిని కారు. పద్మిని అనే పేరు వచ్చిందే 1974లో. అంతకుముందు అదే కారు ఫియట్ పేరుతో ఉండేది, 1940లో మాత్రం దాని ఊసే లేదు. ఇంకో బొమ్మలో మద్రాసు మౌంట్ రోడ్డుని తీసుకొచ్చి మన కొత్తపేట అని పెట్టారు. జిన్నా టవర్ కనపడిందా, తెలుగు బోర్డులు ఉన్నయ్యా అని ఒక్కరు కూడా చూడలా.

మనం మొక్కని చూసి తెగులు చెప్తాం. కాయలో పురుగుని చూసి శనగపచ్చ పురుగా, పొగాకు లద్దె పురుగా చెప్తాం. దోసెడు కాయ చేతిలో పోసుకుని తేజానా, 334నా అని యార్డులో కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళున్నారు. కార్లు కూడా అంతే. రంగు చూడకూడదు, సైజు చూడకూడదు. చూడాల్సిన చోట్లు వేరే ఉంటయ్.

ముందుగా అంబాసిడర్. మన పల్లెటూళ్ళ ఫొటోల్లో పదింటిలో ఆరేడు అదే. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు చేశారు. అసలు రూపం ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ది. అంబాసిడర్ కి ముందు 1954లో లాండ్‌మాస్టర్ వచ్చింది, చూట్టానికి అక్కాచెల్లెళ్ళలాగే ఉంటయ్. వెనక్కి పోయి చూడండి. అంబాసిడర్ కి వెనక రెండు పక్కలా రేకు కొంచెం కొనదేలి పైకి లేస్తది, లాండ్‌మాస్టర్ కి గుండ్రంగా జారిపోద్ది. అంబాసిడర్ 1957-58లో మొదలై 2014లో ఆగింది. అన్నేళ్ళూ పైకప్పు, తలుపులు దాదాపు ఒకటే, అందుకే జనం తికమక పడతారు. తేడా అంతా ముందు జాలీలో ఉంది. 1962-63లో మార్క్ టూ వచ్చినప్పుడు జాలీ సన్నటి గళ్ళు గళ్ళుగా మారింది, దోమతెర లాగా. 1975లో మార్క్ త్రీకి అడ్డపట్టీలు వచ్చినయ్. 1979 నుంచి మార్క్ ఫోర్, జాలీ చిన్నదైంది, గళ్ళు పెద్దవైనయ్, హెడ్‌లైట్ల కింద చదరపు చిన్న లైట్లు విడిగా వచ్చినయ్. ఈ మార్క్ ఫోర్ లోనే డీజిల్ బండి దిగింది. పత్తి బాగా పండిన ఏళ్ళల్లో మనోళ్ళు కొన్నవి ఎక్కువగా ఇయ్యే. తర్వాత ఎనభై నాలుగు, ఎనభై ఐదులో తెల్లదోమ కొట్టిన దెబ్బకి అందులో కొన్ని పాకల్లో కోళ్ళు గుడ్లు పెట్టుకోటానికి మిగిలినయ్, అది వేరే కథ.

ఫియట్ కి గుర్తు తలుపు. మొదట్లో వచ్చిన ఫియట్ లకి ముందు తలుపు మనకి అలవాటైనట్టు కాదు, వెనక వైపు కీలుతో తెరుచుకునేది, పాతకాలం బీరువా రెండు రెక్కల్లాగా. ఫొటోలో తలుపు తీసి ఉంటే పండగే. స్టాండర్డ్ హెరాల్డ్ అయితే మద్రాసులో చేసింది, 1961 నుంచి, తొలి బళ్ళకి తలుపులు రెండే. దానికి బానెట్టు ఒక్కటే కాదు, రెండు పక్కల మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకి లేస్తది. మెకానిక్కు టైరు మీద కూర్చుని ఇంజను పని చేస్తున్న ఫొటో ఎక్కడన్నా చూస్తే అది హెరాల్డే అనుకోండి.

పెద్ద పెద్ద అమెరికా కార్లు, షెవర్లే, ఫోర్డ్, బ్యూక్ కనపడితే అవి చాలావరకు యాభైల మొదటికి ముందువి. జనరల్ మోటార్స్, ఫోర్డ్ కంపెనీలు ఇక్కడ విడిభాగాలు తెచ్చి బిగించి అమ్మేవి. దేశంలోనే తయారు చేసేవాళ్ళకే అనుమతి అని ప్రభుత్వం పట్టుబట్టేసరికి 1953-54లో మూట కట్టుకుని పోయినయ్. ఇక రాజుల కార్లంటారా, హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్ లో నిజాం నవాబుది 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది. దాన్ని గుర్తుపట్టటం గొప్పేం కాదులే, పక్కన బోర్డు ఉంటది.

బస్సు ఉంటే ఇంకా తేలిక. వెనక పెద్ద ఇనప పీపా తగిలించి ఉంటే అది బొగ్గు బస్సు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు దొరక్క బొగ్గు కాల్చి ఆ గ్యాసుతో నడిపేవాళ్ళు. మా ముసలోళ్ళు చెప్పేవాళ్ళు, ఎత్తు వచ్చినప్పుడు జనం దిగి తోసేవాళ్ళంట. లారీ ముందు మూడు రెక్కల చుక్క ఉంటే టాటా మెర్సిడెస్. 1954లో జర్మనీ వాళ్ళతో పొత్తు, 1969లో అయిపోయింది, తర్వాత చుక్క పోయి టాటా గుర్తు వచ్చింది.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. బండి మనకి చెప్పేది ఒకటే, "నేను పుట్టకముందు ఈ ఫొటో తీయలేదు" అని. ఎప్పటి దాకా తీశారో బండి చెప్పదు. చుక్క లారీ 1969లోపు తయారైందే గానీ మా ఊళ్ళో మరో ఇరవై ఏళ్ళు మిరప టిక్కీలు మోసింది. కాబట్టి ఫొటోలో నాలుగు బళ్ళుంటే వాటిల్లో కొత్తదాన్ని పట్టుకోవాలి, పాతదాన్ని కాదు. ఈ ఒక్కటీ తెలియక చాలామంది పాత కారుని చూసి ఫొటో కూడా అంత పాతది అంటారు.

నంబరు ప్లేటు కూడా చదవాలి. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు బండి నంబరు ఎం అక్షరంతో మొదలయ్యేది. ఆంధ్రప్రదేశ్ వచ్చాక ఏ తో మొదలయ్యే మూడక్షరాలు. 1989 తర్వాత గుంటూరుకి ఏపీ 7, ప్రకాశానికి ఏపీ 27. 2019లో కొత్త బళ్ళన్నిటికీ ఏపీ 39 వచ్చింది. ఆర్టీసీ బస్సు అయితే జెడ్ అక్షరం ఉంటది. నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టించాడని చెప్పుకుంటారు. అన్నట్టు, ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో, అదీ ఒంగోలు జిల్లా పేరుతో, 1972లో ప్రకాశం అయ్యింది. "1965 ప్రకాశం జిల్లా" అని ఎవరన్నా రాస్తే అక్కడే ఆగండి.

ప్లేటు రంగు సంగతి ఇప్పటి పిల్లలకి అసలు తెలియదు. ఇవాళ తెల్ల ప్లేటు సొంత బండి, పసుపు ప్లేటు అద్దె బండి. 2000 సంవత్సరం దాటిందాకా అట్టా కాదు. సొంత బండికి నల్ల ప్లేటు మీద తెల్ల అక్షరాలు. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది టాక్సీ, అద్దె బండి.

ఈ ఒక్క ముక్క మా ఇంట్లో అరవై ఏళ్ళ మాటని కదిపింది. అది చెప్పటానికే ఇంత రాశా.

మా తాతయ్యా, చిన్నతాతా ఇద్దరన్నదమ్ములు. ఉమ్మడి ఆస్తిలోంచి రెండెకరాల నల్లరేగడి అమ్ముడుపోయింది. చిన్నతాత వాళ్ళింట్లో వరండాలో ఒక ఫొటో ఉంటది. పూలదండ వేసిన అంబాసిడర్ కారు, బానెట్టు మీద చెయ్యేసి మా తాతయ్య, తలపాగా, భుజం మీద కండువా. ఆ ఇంటికి ఎవరొచ్చినా ఆ ఫొటో చూపించి "అదిగో మా రెండెకరాలు" అనేవాళ్ళు. పెద్దోడు కారు మోజులో పడి తమ్ముడి భాగం కూడా తగలేశాడు అని. మా నాన్న ఆ మాట పడలేక ఆ వరండా ఎక్కటం మానేశాడు. పెళ్ళిళ్ళకి పోయినా భోజనం చేయకుండా వచ్చేవాడు. మా తరం వచ్చేసరికి అది పొలం గట్టు మీదకి వచ్చింది. మా మిరప చేలోకి ట్రాక్టరు పోవాలంటే బాబాయి వాళ్ళ గట్టు పక్కనుంచి నాలుగు గజాల బాట కావాలి. ఇవ్వరు. డొంక చుట్టూ తిరిగి కిలోమీటరు పైన పోవాలి, వాన పడితే అదీ లేదు. నిరుడు కోసిన కాయ కల్లానికి చేరక రెండు రోజులు చేలోనే తడిసింది. తాలు ఎంత తేలిందో మీకు నేను చెప్పక్కర్లా.

అడిగితే బాబాయి ఒకటే అంటాడు, "మీ తాత కారులో పోయాడుగా, మీరూ కారులోనే పోండి" అని.

పోయిన సంక్రాంతికి ఆ ఇంటి చిన్న కోడలు, నాకు మరదలు వరస, ఫొటోని ఫ్రేము విప్పించి ఫోనులో తీసి పంపింది. ఆ అమ్మాయికి కూడా ఈ గొడవ విసుగొచ్చింది. పెద్దది చేసి చూశా. దండ కింద జాలీ కనపడతానే ఉంది, సన్నటి గళ్ళు. మార్క్ టూ. అంటే 1962కి ముందు ఆ కారు భూమ్మీద లేదు. కిందకి చూస్తే ప్లేటు తెల్లది, అక్షరాలు నల్లవి. మొదటి రెండక్షరాలు ఏ, పీ, మిగతాది దండ చాటున పోయింది.

కారు పుట్టిన ఏడు తెలిస్తే సరిపోద్దా, పొలం ఎప్పుడు అమ్మారో తెలియాలిగా. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించి, దస్తావేజు నకలుకి అప్లికేషన్ పెట్టా. మూడుసార్లు తిరిగితే వచ్చింది. దస్తావేజు 1958ది. అమ్మకానికి కారణం కూడా అందులోనే రాసి ఉంది, మా ముత్తాత పేరున ఉన్న ప్రోనోట్ల బాకీ తీర్చటానికి అని. పొగాకు బ్యారన్ కట్టటానికి తెచ్చిన అప్పు అది. కింద రెండు సంతకాలు. ఒకటి మా తాతయ్యది, రెండోది చిన్నతాతది.

మా పెద్దత్తకి ఎనభై దాటినయ్. ఫోను చేసి కారు గురించి అడిగా. నవ్వింది. "అది నా పెళ్ళికి చిలకలూరిపేట నుంచి అద్దెకి తెచ్చిన కారురా. రెండు రోజులకి మాట్లాడారు. అందులో ఎక్కితే పెట్రోలు వాసనకి కడుపులో తిప్పి ముహూర్తానికి ముందు వాంతి చేసుకున్నా. మా నాన్న సొంతానికి ఏనాడూ సైకిలు తప్ప ఏం కొన్నాడు" అంది. అత్త పెళ్ళి 1964లో.

కారొక్కటే అయితే ఎవరన్నా అడగొచ్చు, అంతకుముందు ఇంకో కారు కొన్నాడేమో అని. అత్త మాటొక్కటే అయితే ఆడపిల్ల పుట్టింటి వైపు మాట్లాడింది అంటారు. కాగితం ఒక్కటే అయితే అందులో రాసింది నిజమా అంటారు. జాలీ, ప్లేటు, దస్తావేజు, అత్త మాట, నాలుగూ ఒకే వైపు చూపిస్తున్నయ్.

ఆ నకలు తీసుకుని బాబాయి దగ్గరికి నేనే పోయా. వాళ్ళబ్బాయి రెండుసార్లు పైకి చదివాడు. సంతకం దగ్గర బాబాయి కళ్ళద్దాలు తుడుచుకుని తనే చూసుకున్నాడు. "మరి మా నాన్న ఈ మాట ఎందుకు చెప్పలా?" అన్నాడు. నా దగ్గర దానికి జవాబు లేదు. సంతకం పెట్టి అమ్ముకున్న పొలం గురించి ఇంట్లో చెప్పుకోలేక అన్న మీద పెట్టాడో, లేక ఆయన ఒకటంటే చుట్టూ ఉన్నోళ్ళు ఇంకోటి కలిపారో. చాలాసేపు కూర్చున్నాం. మరదలు టీ ఇచ్చింది. లేచేటప్పుడు బాబాయి, "ఈ ఏడు కాయ కోత అయ్యేదాకా ట్రాక్టరు తోలుకో. తర్వాత సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. కాగితం రాసిచ్చింది లేదు. వచ్చే ఏడు ఏమంటాడో తెలియదు. ఫొటో మాత్రం మళ్ళీ అదే మేకుకి తగిలించారు.

ఇంట్లో పాత ఫొటోలున్నోళ్ళకి రెండు మాటలు. ఈ మధ్య ఫోనులో ఏఐ యాప్ లు వచ్చినయ్, పాత ఫొటో ఇస్తే తళతళలాడే రంగుల బొమ్మ చేసిస్తది. ఇంట్లో పెట్టుకోటానికి బానే ఉంటది గానీ బండిని గుర్తుపట్టటానికి దాన్ని నమ్మొద్దు. కనపడని చోట జాలీ గీతలు అదే సొంతంగా గీసేస్తది, ప్లేటు మీద అక్షరాలు కూడా కల్పిస్తది. అసలు ఫొటోని పగటి వెలుగులో, మెరుపు పడకుండా తీసి, అదే పెద్దది చేసి చూడండి. స్టీరింగు ఎడం పక్కన కనపడితే విదేశీ బండి అనుకునే ముందు బోర్డుల మీద అక్షరాలు తిరగబడి ఉన్నయ్యేమో చూడండి, స్టూడియోవాళ్ళు నెగెటివ్ తిరగేసి కడిగిన ఫొటోలు బోలెడు. ఫ్రేము విప్పి అట్ట వెనక కూడా చూడండి, పెన్సిల్ తో తేదీ రాసే అలవాటు కొందరికి ఉండేది. మాదాని వెనక చెదలు తప్ప ఏం లేదు.

కింద ఇంకో ఫొటో పెడుతున్నా. ఇది మా అమ్మ పుట్టింటి వైపుది, పర్చూరు పక్క పల్లె. పత్తి బోరాలు ఎత్తిన లారీ, పైన నలుగురు కూలీలు, కింద ఓ కుర్రాడు మేకని పట్టుకుని ఉన్నాడు. లారీ మూతి చూస్తే డాడ్జ్ లాగా ఉంది, కానీ బొంబాయి ప్రీమియర్ వాళ్ళు అదే లారీని డాడ్జ్, ఫార్గో, డిసోటో అని మూడు పేర్లతో అమ్మారు. తేడా పేరు పలకలో, కొంచెం జాలీలో, అంతే. పలక మీద దుమ్ము. అప్పట్లో ఈ లారీల మీద క్లీనరుగానో, డ్రైవరుగానో చేసిన పెద్దవాళ్ళు మీ ఊళ్ళో ఉంటే కొంచెం చూపించి చెప్పండి. మేకని పట్టుకున్న కుర్రాడు మా మేనమామేనని మా అమ్మ అంటది, కాదని మేనమామ అంటాడు. లారీ ఏ ఏడుదో తేలితే అదీ తేలుద్ది.