భద్రాద్రి దారిలో బండికి వణుకు

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. వైరా, తల్లాడ దాటి కొత్తగూడెం వైపు తిరిగామో లేదో, మా కారు స్టీరింగు చేతిలో గడగడ వణకసాగింది. వేగం 60కి తగ్గిస్తే మామూలే. 80 దాటితే మళ్ళీ అదే వరస. వెనక సీటులో మా అత్తయ్యగారు, "బండికి చలిజ్వరమా, నాయనా?" అన్నారు. పిల్లలు నవ్వారు గాని నాకు నవ్వు రాలేదు. పాల్వంచ దాటాక అంతా అడవి దారి. అక్కడ ఆగిపోతే?

కొత్తగూడెంలో ఒక టైర్ల కొట్టు దగ్గర ఆపాము. పెద్దవయసు మెకానిక్కు ముందు చక్రం విప్పి మిషను మీద తిప్పాడు.

"ఈమధ్య టైరు విప్పించారా, సార్?"

"నిన్ననే పంక్చరు వేయించాను."

"అదీ సంగతి. రిమ్ముకున్న సీసం ముక్క ఊడిపోయింది. లోపల బురద కూడా గడ్డకట్టింది. 30 గ్రాముల తేడా ఉంది."

ముప్ఫై గ్రాములకే ఇంత రభసా అనుకున్నాను. కాని 100 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు సుమారు పద్నాలుగుసార్లు తిరుగుతుంది. ప్రతి చుట్టుకూ ఆ ముప్ఫై గ్రాములే నాలుగైదు కిలోల బరువై చక్రాన్ని గుంజుతాయి. వేగం రెట్టింపైతే ఆ గుంజుడు నాలుగింతలు! దానితో టైరు గుంటలుగా అరుగుతుంది; బేరింగులు, షాకబ్జార్బర్లు త్వరగా పాడవుతాయి.

స్టీరింగు వణికితే ముందు చక్రాలనూ, సీటు అదిరితే వెనక చక్రాలనూ అనుమానించాలట. బండి ఒక పక్కకు లాగితే అది వేరే జబ్బు. దానికి అలైన్‌మెంటు చూపించాలి. కొత్త టైర్లు వేసినా, టైరు రిమ్ము నుంచి విప్పినా, గోతిలో గట్టిగా పడినా బ్యాలెన్సింగు తప్పదు. ఏమీ జరగకపోయినా పదివేల కిలోమీటర్లకోసారి చూపించుకోవడం మేలు.

అరగంటలో పని పూర్తయింది. కంచెర్ల గోపన్న తహశీల్దారీ చేసిన పాల్వంచ దాటి, చెట్ల నీడల్లో సాగి, సారపాక చేరాము. ఎదుట గోదావరి, దానిమీద 1965లో ప్రారంభమైన వంతెన. స్టీరింగు మీద వేలు ఆనిస్తే చాలు, బండి నిశ్చలంగా సాగింది.

"అంతా రామయ్య దయ" అని అత్తయ్యగారు చేతులు జోడించారు.

కాదనలేదు. ఇంటికి రాగానే మాత్రం, మళ్ళీ బ్యాలెన్సింగు ఎప్పుడు చేయించాలో క్యాలెండరు మీద రాసి పెట్టాను.