ఇప్పచెట్టు బొమ్మ

ఈ గోడపత్రిక పక్కన వేలాడుతున్న అట్ట బొమ్మ నేను వేసినదే. "రంగుల పెట్టె లేక మట్టి పూసిండు" అని కొందరు నవ్వారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొన్న తల్లిదండ్రుల మీటింగుకి చాలామంది అమ్మలు వచ్చారు. మా అమ్మ రాలేదు. నాకు కోపం వచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అది చూసి డ్రాయింగు సారు ఒక పుస్తకం ఇచ్చారు. అందులో పూసిన బాదం కొమ్మల బొమ్మ ఉంది. హాలండు దేశపు చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో తన తమ్ముడికి కొడుకు పుట్టాడని 1890లో వేశాడట. నీలాకాశం, కొమ్మలు, తెల్లని పూలు, అంతే.

నేనూ అలాగే మా చేను గట్టు మీది ఇప్పచెట్టు వేద్దామనుకున్నాను. పాత అట్టపెట్టె విప్పాను. కొమ్మలకు వంటశాల బొగ్గు, ఆకాశానికి బట్టల నీలిమందు, తెల్లవారే వెలుగుకు హోళీ నాటి మోదుగపూలు ఉడకబెట్టిన నీళ్లు. బడి వెనక ఏరిన ఇప్పపూలను తుమ్మబంకతో కొమ్మలకు అతికించాను.

ఐదో తరగతి తమ్ముడొకడు చూసి, "అన్నా, పువ్వంతా మీదనే ఉంటే ఎట్ల? కింద పడాలె గదా! ఎవరు ఏరుతరు?" అన్నాడు.

నా మనసు కలుక్కుమంది. బాదం పువ్వును తలెత్తి చూస్తారేమో, ఇప్పపువ్వును మాత్రం తల వంచి చూడాలి. రాత్రి రాలిన పువ్వును తెల్లారేసరికి ఏరాలి. ఆలస్యమైతే పశువులు, ఎలుగుబంట్లు తినిపోతాయి. పూత ఉండేది కొద్ది వారాలే. ఆ పువ్వు ఎండబెట్టి అమ్మిన డబ్బుతోనే నాకు నోటుబుక్కులు వస్తాయి. మీటింగు రోజు మా అమ్మ ఎక్కడుందో అప్పుడు కళ్లకు కట్టింది.

కింద ఇంకో అట్ట కలిపి కుట్టాను. దానికి ఎర్రమట్టి పూసి, పైనున్న పూలు సగం పీకి అక్కడ అతికించాను. అమ్మ నా పుస్తకాలు మూటకట్టి ఇచ్చిన పాతచీర పేలికను వంగిన వీపులాగా కత్తిరించి పెట్టాను. ముఖం వేయలేదు. పువ్వు ఏరేటప్పుడు అమ్మ ముఖం కనబడదు.

అతుకు కనబడుతోందని అంటున్నారు. కనబడనీయండి. పూలు కూడా ఎండి గోధుమరంగుకు తిరిగాయి. మా వాకిట్లో ఆరబోసిన పువ్వూ అట్లనే ఉంటుంది. వేసవి సెలవుల్లో తీసుకుపోయి అమ్మకు చూపిస్తాను. మీటింగు సంగతి మాత్రం అడగను.

అంతవరకు చిన్న తమ్ముళ్లకు మనవి: తియ్యగా ఉంటాయని గిల్లి తినకండి. ఇప్పటికే నాలుగు పూలు పోయాయి!

– తొమ్మిదో తరగతి విద్యార్థి